‘విముక్త’: శూర్పణఖ తోటలో సీత

2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఓల్గా ‘విముక్త’ కథల సంపుటిని బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంటికి తెప్పించుకుని చదివాను. పలుచని కవరులో పంపడం వల్ల అట్ట మూలలు నలిగి వచ్చాయి. అమ్మినవారు ఈ విషయంలో మరింత శ్రద్ధ చూపవలసింది.

కథలు మాత్రం నన్ను వదలలేదు. ‘సమాగమం’లో ముక్కుచెవులు లేని ఒక స్త్రీని అడవిలో చూసి, ఆమె కురూపి అని లవకుశులు తల్లికి చెబుతారు. రూపాన్ని బట్టి మనిషిని తూచే ఆ మాట ఎంత సహజంగా పిల్లల నోట వచ్చిందో, దాన్ని విన్న సీత మనసు ఎంత కలవరపడిందో రచయిత్రి ఎక్కడా గొంతు పెంచకుండా చూపించారు. శూర్పణఖ పెంచుకున్న తోటలో ఆ ఇద్దరు స్త్రీలు కలుసుకునే ఘట్టాన్ని పైకి చదువుతుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తగారు చేతులాపి, “అది మళ్లీ చదువమ్మా” అన్నారు.

అహల్య కథ ‘మృణ్మయనాదం’లో సంభాషణల్లో చర్చ పాలు ఎక్కువై, మనిషి గొంతు కొంత వెనక్కి తగ్గిందనిపించింది. అయినా ఊర్మిళ మౌనాన్ని తలుపులు మూసుకున్న తపస్సుగా మలచిన ‘విముక్త’ కథ కోసమైనా ఈ పుస్తకం కొనుక్కోవాలి. ఆంగ్లానువాదం కూడా ఉంది కనుక, మా పక్కింటి కన్నడ ఆవిడకు దాన్నే సూచించాను.