ఇరవై ఆరు వేలకు ఎవరిదో శరదృతువు కొనుక్కొచ్చాం

ముందు బిల్లు చెప్పేస్తాను, కోపం తర్వాత. ఆయుర్వేదం పేరు చెప్పే ఒక రిసార్ట్‌లో ముగ్గురికి రెండు రాత్రుల ప్యాకేజీ 18,500. ‘ప్రకృతి పరీక్ష’, అంటే ఎవరి ఒంటి తత్వం ఏదో చూడటం, తలకి 800 చొప్పున 2,400. మసాజ్ నూనె ప్యాకేజీలో లేదట, ఇద్దరికి 1,300. దాని మీద 18 శాతం పన్ను. మొత్తం 26,196 రూపాయలు. ఇందులో రెండో రాత్రి మేం అక్కడ పడుకోనే లేదు.

నాకు ఏటా బతుకమ్మ వెళ్లగానే మొదలవుతుంది. అరికాళ్లు మంట, కళ్లు మంట, నోట్లో పొక్కులు, రాత్రి రెండింటికి గుండెల్లో మంటతో లేచి కూర్చోవడం. ఈసారి సద్దుల రోజు పులిహోర, నువ్వుల సద్ది గట్టిగానే తిన్నాను, దసరాకి మటన్ సరేసరి. అప్పుడే ఆఫీసులో ఒకావిడ ఫోన్‌కి ఒక ప్రకటన పంపింది. చేవెళ్ల వైపు ఒక వెల్‌నెస్ రిసార్ట్, పేరు రాయను. ‘ఆటమ్‌లో ఆయుర్వేద సమతుల్యం’ అని పెద్ద అక్షరాలు, వెనకాల ఎర్రటి, నారింజరంగు ఆకులు గుట్టలుగా రాలిన ఫొటో. ఆ ఆకులు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు, డబ్బు కట్టేశాను. మా ఆయన ‘ఇంట్లో ఫ్యాన్ కింద పడుకున్నా ఇదే కదా’ అన్నాడు, నేను వినలేదు. అత్తమ్మ మాత్రం సంబరంగా బయల్దేరింది, ఎందుకంటే రెండ్రోజుల్లో పున్నమి, ఊరి బయట వెన్నెల బాగుంటుందని ఆశ.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి శనివారం పొద్దున బయల్దేరాం. దారి గురించి చెప్పుకోవాలంటే మొయినాబాద్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఆ పాత మర్రిచెట్లు, అంతే. వాటి కింద కారు వెళ్తుంటే ఏసీ ఆపేసి అద్దాలు దించుకున్నాం. ఆ ఇరవై నిమిషాలు ఫ్రీ.

రిసార్ట్‌లో అడుగు పెట్టగానే అల్లం, మిరియాలు వేసిన వేడి కషాయం ఇచ్చారు. బయట ఎండ మాడ్చేస్తోంది, అక్టోబర్ ఎండ సంగతి మనకి తెలిసిందే, వానలు వెళ్లాక ఒక్కసారిగా నెత్తిన కూర్చుంటుంది. ఆ ఎండలో పొగలు కక్కే కషాయం. తర్వాత ప్రకృతి పరీక్ష అన్నారు. నేను నాడి పట్టుకుంటారనుకున్నాను. ఒక కుర్రాడు ట్యాబ్ తెచ్చి మీ చర్మం పొడిగా ఉంటుందా, నిద్ర పడుతుందా, కోపం వస్తుందా అని ప్రశ్నలు అడిగి టిక్కులు పెట్టుకున్నాడు. తలకి పది నిమిషాలు కూడా పట్టలేదు. ముగ్గురికీ ఒకటే ఫలితం, ‘వాతం పెరిగింది’. ఆయుర్వేదంలో దోషాలు మూడు, వాతం, పిత్తం, కఫం. వాతానిది గాలి, పొడి, చలి గుణం, పిత్తానిది వేడి గుణం. మా ఆయన ఫ్యాన్ కింద కూడా చెమటలు కార్చే మనిషి, డెబ్భై నాలుగేళ్ల అత్తమ్మ ఎముకల గూడు, నేను మంటల మనిషిని. ముగ్గురం ఒకే దోషంతో ఎలా దొరికామో ఆ ట్యాబ్‌కే తెలియాలి.

మధ్యాహ్నం మసాజ్. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి, మసాజ్ చేసిన అమ్మాయికి పని తెలుసు. చేతుల్లో బలం ఉంది, ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నూనె వేడి వేడి నువ్వుల నూనె. నాకు ఒళ్లంతా మంటలని చెప్పినా, ‘చార్ట్‌లో వాతం అని ఉంది మేడమ్, నేను మార్చకూడదు’ అంది పాపం. తర్వాత ఆవిరి పెట్టె. బయటికి వచ్చేసరికి నా మొహం పండు మిరపకాయ. అత్తమ్మ చూసి, ‘గీ ఎండల నువ్వుల నూనె పట్టిచ్చుకుంటరా ఎవరన్న? చలికాలం ముచ్చట కదా అది’ అంది. ఆవిడ మసాజ్ వద్దని కుర్చీలో కూర్చుంది కాబట్టే నూనె ఇద్దరికే పడింది, లేకపోతే ఇంకో 650.

ఇక రాత్రి భోజనం. ఇది మాత్రం వివరంగా రాయాలి. టమాటా, చింతపండు, వెల్లుల్లి వేసి మరిగించిన సూప్, దానికి ‘వాత శాంతి’ అని పేరు. నువ్వుల పొడి కలిపిన కిచిడీ, పైన గరిటెడు నూనె. ఉప్పు దండిగా వేసిన ఊరగాయ. చివర గట్టి పెరుగు. పులుపు, ఉప్పు, కారం, నూనె, అన్నీ వేడి వేడిగా. కడుపులో మంట ఉన్న మనిషికి పగవాళ్లు కూడా ఇంత పద్ధతిగా వడ్డించరు. రాత్రి రెండున్నరకి నేను లేచి కూర్చున్నాను. రిసెప్షన్‌కి ఫోన్ చేసి చల్లటి పాలు అడిగితే కిచెన్ పదింటికే మూసేశామన్నారు.

అసలు గొడవ దానికంటే ముందే అయింది. భోజనం అయ్యాక అత్తమ్మ వెన్నెల చూద్దామంది. త్రయోదశి చంద్రుడు, వానలు కడిగేసిన ఆకాశం, ఒక్క మబ్బు లేదు. డాబా మెట్లెక్కితే పైన తాళం. రాత్రి ఎనిమిది తర్వాత సెక్యూరిటీ కారణాల వల్ల తెరవరట. ‘మరి చీకట్లో మీరు చూపించే వెల్‌నెస్ ఏంది నాయనా’ అని అత్తమ్మ అడిగింది. మేనేజర్ నవ్వి, రూములో లైట్ థెరపీ దీపం ఉంది అన్నాడు. నిజంగా అన్నాడు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు, మూడోది లేదని మా ఆయన గట్టు మీద కూర్చున్నాడు. గంటసేపు అక్కడే ఉన్నాం. మొత్తం 26,196లో నాకు గిట్టింది ఆ గంటే, అది కూడా వాచ్‌మన్ దయ.

ఆదివారం పొద్దున నేను మేనేజర్‌ని కూర్చోబెట్టి అడిగాను. అందరికీ వాతమే ఎందుకు వచ్చింది? ‘ఆటమ్‌లో వాతం పెరుగుతుంది మేడమ్. గాలి పొడిగా ఉంటుంది, చలి మొదలవుతుంది, ఆకులు రాలతాయి. ఇది ఇంటర్నేషనల్ ప్రోటోకాల్.’ అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూపించింది. కాంపౌండ్ గోడ అవతల తంగేడు పచ్చగా విరగబూసి ఉంది, గట్టు పొడుగునా గునుగు తెల్లగా ఊగుతోంది. ‘ఆకులు రాలేదెక్కడ బిడ్డా? పది దినాల సంది గీ పూలే కోసి బతుకమ్మలు పేర్చినం.’ అతని దగ్గర జవాబు లేదు. రెండో రాత్రి డబ్బు వెనక్కి ఇవ్వమంటే నాన్ రిఫండబుల్ అనే మాట ఒకటి ఉంది. మా ఆయన నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, కారు డోరు కొంచెం గట్టిగా వేశాడు, అంతే. ఆ చప్పుడులో అన్నీ ఉన్నాయి.

ఇంటికి పోదామంటే ఎవరికీ మనసొప్పలేదు. అనంతగిరి వెళ్లాం, వికారాబాద్ నుంచి ఆరు కిలోమీటర్లు. గుట్ట మీద అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి, మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే అంటే అంబర్‌పేట దగ్గర ఆ నదిని చూసిన వాళ్లెవరూ నమ్మరు. ఆదివారం కదా, బైకుల గోల బాగా ఉంది, వెళ్లేవాళ్లు మామూలు రోజున వెళ్లండి. దర్శనం బాగానే అయింది.

భోజనం మాత్రం రాసి పెట్టుకోవాల్సిందే. దిగొచ్చే దారిలో రేకుల షెడ్డు కింద ఒకామె జొన్నరొట్టెలు కొడుతోంది. మెనూ కార్డు లేదు, ఉన్నది పెడతానంది. వేడి రొట్టె, పొట్లకాయ వేసిన పెసరపప్పు, పలచటి మజ్జిగ. కారం అడిగితేనే వేస్తుంది. తలకి 70 రూపాయలు, రెండో రొట్టెకి డబ్బు తీసుకోనంది, బలవంతంగా ఇచ్చాం. రెండు రోజుల్లో మొదటిసారి కడుపు నోరు మూసుకుంది. పక్కనే సీతాఫలాల బుట్టలు, చిన్న బుట్ట 150. మా ఆయన కారు బానెట్ మీద కూర్చుని నాలుగు తిన్నాడు, గింజలు ఉమ్ముతూ ఆ మేనేజర్ గురించి మొదటిసారి మాట్లాడాడు. అతను అన్నది ఇక్కడ రాయను.

సోమవారం పొద్దున్నే నేను, అత్తమ్మ మెట్రో ఎక్కి ఎర్రగడ్డ వెళ్లాం, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రైలు మారే పని లేదు. అక్కడి ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో ఓపీ. రద్దీ ఉంటుంది, ఓపికగా కూర్చోవాలి, నీళ్ల సీసా పట్టుకెళ్లండి. డాక్టరమ్మ ముందు నాలుక చూసింది, నాడి చూసింది, తర్వాత ఏం తిన్నావో చెప్పు అంది. నేను రిసార్ట్ చార్ట్ తీసి చూపించాను. చదివి నవ్వింది, కానీ తిట్టలేదు. విడమరచి చెప్పింది.

నాకు అర్థమైనంత వరకు ఇది. వాతం ఎండాకాలంలో కూడి, వానాకాలంలో విజృంభించి, శరత్తులో తనంతట తానే తగ్గుతుంది. పిత్తం వానాకాలంలో లోపల పోగుపడి, ఆశ్వయుజ, కార్తీకాల్లో బయటపడుతుంది. వానకి, చల్లదనానికి అలవాటుపడ్డ ఒంటి మీద ఒక్కసారిగా ఎండ పడేసరికి రేగుతుంది. పాతకాలపు వైద్యుడు వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో రాసింది ఇదే. చలి దేశాల్లో అక్టోబర్ అంటే పొడి గాలి, ఆకురాలు, అక్కడి వాళ్లకి వాతం అని చెప్పుకుంటే వాళ్ల గాలికి సరిపోతుందేమో, మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో. అంటే రిసార్ట్ వాళ్లు మాకు అమ్మింది వేరే దేశపు కాలం. తగ్గిపోతున్న దోషానికి మందు వేసి, రేగుతున్న దానికి నెయ్యి పోశారు. నెయ్యి కాదు, నువ్వుల నూనె.

నెయ్యి అయితే మంచిదేనట. ఈ రుతువుకి చేదు మందులతో కాచిన నెయ్యి, విరేచనం చెప్పారు, కానీ అవి వైద్యులు చూసి ఇవ్వాల్సినవి, ఇంట్లో ప్రయోగాలు చేయొద్దని గట్టిగా చెప్పింది. మిగతాది మన వంటింట్లోదే. తీపి, చేదు, వగరు రుచులు, ఆకలి వేశాకే తేలికపాటి తిండి. పాత బియ్యం, పెసలు, పొట్లకాయ, కాకర, ఉసిరి. మానాల్సినవి ఎండ, పగటి నిద్ర, నూనె, మితిమీరిన తిండి, మద్యం, ఇంకా పెరుగు. ‘పెరుగు’ అనగానే అత్తమ్మ కుర్చీలో సర్దుకుంది. డెబ్భై ఏళ్లుగా పెరుగన్నంతో ముగించిన మనిషి. రెండు నెలలు పలచటి మజ్జిగతో సరిపెట్టమని రాజీ కుదిరింది. నువ్వుల నూనె తలంటు మొత్తానికి చెడ్డదేం కాదట, మంట ఉన్న నాకు మాత్రం ఇప్పుడు వద్దు, మాడుకి కొబ్బరి నూనె చాలంది.

నాకు గుండెల్లో మంటకి అవిపత్తికర చూర్ణం అనే పొడి ఇచ్చారు, మందుకి డబ్బు తీసుకోలేదు. అక్కడి నుంచి బేగంబజార్ వెళ్లి వట్టివేళ్లు ఒక కట్ట 80, ధనియాలు పావు కిలో 50కి తెచ్చుకున్నాం. ధనియాలు రాత్రి నానేసి పొద్దున ఆ నీళ్లు తాగడం, మంచినీళ్ల కుండలో వట్టివేళ్లు, ఇప్పటికి మూడు వారాలైంది. అరికాళ్ల మంట తగ్గింది. నోటి పొక్కులు ఒకసారి వచ్చాయి, అది నేను దొంగతనంగా తిన్న ఆవకాయ వల్ల.

వెన్నెల విషయం డాక్టరమ్మని అడిగింది అత్తమ్మే. ఈ రుతువులో సాయంత్రం వెన్నెల్లో కూర్చోమని, శుభ్రమైన బట్టలు కట్టుకోమని, చందనం పూసుకోమని శాస్త్రంలోనే ఉందట. పగలు సూర్యుడు కాచి, రాత్రి చంద్రుడు చల్లార్చి, అగస్త్య నక్షత్రం ఉదయించాక తేటపడ్డ నీళ్లని హంసోదకం అంటారట, ఈ రోజుల్లో తాగడానికి అవే శ్రేష్ఠం. మన ట్యాంకర్ నీళ్లకి ఆ భాగ్యం లేదు, ఆ సంగతి వేరు. ఆ రాత్రే పున్నమి. మా అపార్ట్‌మెంట్ డాబా తాళం సెక్రటరీ గారింట్లో ఉంటుంది. అత్తమ్మ స్వయంగా వెళ్లి తెచ్చింది. బట్టలారేసే తీగల మధ్య చాప వేసి, పాలు కాచి చల్లార్చి, కొంచెం పటికబెల్లం వేసి వెన్నెల్లో పెట్టుకుని తాగాం. పాలు అరలీటరు, ఖర్చు రాయడం కూడా అనవసరం. మా ఆయన పది నిమిషాలు కూర్చుంటానని వచ్చి పదకొండింటి దాకా లేవలేదు, పైన ఏసీ యూనిట్ల హోరుకి మాత్రం తిట్టుకుంటూనే ఉన్నాడు.

రిసార్ట్‌కి రెండో రాత్రి డబ్బు కోసం మెయిల్ పెట్టాను. నిన్న జవాబు వచ్చింది. డబ్బు ఇవ్వరట, మా అసౌకర్యానికి చింతిస్తూ వాళ్ల ‘వింటర్ కఫ బ్యాలెన్స్’ ప్యాకేజీ మీద 10 శాతం కూపన్ పంపారు. ఫొటోలో ఈసారి మంచు ఉంది. డిసెంబర్ 31 దాకా చెల్లుతుందట, మేడ్చల్‌లోనో మొయినాబాద్‌లోనో మంచు పడిన వాళ్లెవరైనా ఉంటే అడగండి, ఇచ్చేస్తాను.