నల్లగొండ ఖాదీ దుకాణంలో కొన్న జాతీయ జెండా: ఒక సమీక్ష

జులై చివరికి వచ్చేసరికి నల్లగొండ చౌరస్తాల్లో తోపుడు బండ్ల మీద మూడు రంగుల జెండాలు, బ్యాడ్జీలు, చేతికి కట్టుకునే పట్టీలు కనిపించడం మొదలవుతుంది. మా కాలనీ సంక్షేమ సంఘం ఈసారి ఆ బండ్ల దగ్గర కాకుండా, గడియారం స్తంభం సెంటర్‌కు కాస్త లోపలగా ఉన్న పాత ఖాదీ దుకాణంలో జెండా కొనాలని తీర్మానించి, ఆ పని నాకు అప్పగించింది. పంద్రాగస్టు నాడు మైకులు, మిఠాయిలు, పిల్లల వేషాలు, ముఖ్య అతిథుల ప్రసంగాలు ఎన్ని ఉన్నా అందరి చూపూ నిలిచేది జెండా మీదనే కాబట్టి, ఆ జెండా గురించి, దాన్ని అమ్మిన దుకాణం గురించి వివరంగా రాస్తున్నాను.

మా కాలనీలో అంతకుముందు వాడినది అచ్చు వేసిన పాలియెస్టర్ జెండా. వాన పడేసరికి కాషాయం తెల్ల పట్టీలోకి దిగింది. అశోక చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉండేది. పొడవు వెడల్పులు ఉండవలసిన 3:2 నిష్పత్తిలో లేవు. పాలియెస్టర్ వాడడమే తప్పని నేను అనను. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన జెండా నియమావళిని 2021 డిసెంబరు 30న సవరించి, యంత్రాల మీద తయారైన జెండాలకూ పాలియెస్టర్ గుడ్డకూ అనుమతి ఇచ్చారు. మరుసటి ఏడాది ఇంటింటా జెండా కార్యక్రమం అంత పెద్ద ఎత్తున సాగడానికి ఆ సవరణ తోడ్పడింది. అయితే గుడ్డ ఏదైనా నిష్పత్తి, చక్రం మాత్రం నిబంధన ప్రకారమే ఉండాలి. బండ్ల మీది సరుకు చాలావరకు తేలిపోయేది అక్కడే.

ఖాదీ దుకాణంలో నేను తీసుకున్నది 1350 మిల్లీమీటర్ల పొడవు, 900 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న జెండా, అంటే సుమారు నాలుగున్నర అడుగులకు మూడడుగులు. నియమావళిలోని తొమ్మిది ప్రామాణిక కొలతల్లో ఇది ఒకటి. కర్ణాటకలో హుబ్బళ్ళి బెంగేరిలోని ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘంలో ఇది తయారైంది. భారత ప్రమాణాల సంస్థ గుర్తింపుతో ఖాదీ జెండాలు తయారు చేయడంలో ఆ సంఘానికి దేశమంతటా పేరుంది. బల్ల మీద పరిచి చూపించినప్పుడు మొదట నన్ను ఆకట్టుకున్నది కుట్టు. మూడు పట్టీలను విడివిడిగా తీసుకుని, ఎక్కడా ముడత రాకుండా కలిపి కుట్టారు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే, రెండు వైపులా ముద్రించిన చక్రాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. 24 ఆకులూ ఇటునుంచీ అటునుంచీ ఒకే గీత మీద ఉన్నాయి. ఎడమ అంచున మందపాటి తెల్లగుడ్డ పట్టీ, దానిలోపలి నుంచి తాడు, ఆ తాడు పై కొసన చిన్న చెక్క ముక్క ఉన్నాయి. ఆ ముక్కను స్తంభం తాడుకున్న ఉచ్చులో దూరిస్తే చాలు, జెండా జారదు. బండి మీది జెండాకు ఇవేవీ ఉండవు, అంచుకు రెండు రంధ్రాలు పొడిచి వదిలేస్తారు. ధర మాత్రం అదే కొలత పాలియెస్టర్ జెండాకు ఎన్నో రెట్లు. జాతీయ జెండాకు జీఎస్టీ మినహాయింపు ఉంది, బిల్లులో కూడా అది వేయలేదు.

సేవ విషయంలో ఈ దుకాణానికి నేను పూర్తి మార్కులు ఇస్తాను. జెండా మడిచి, ముడి వేసే పద్ధతిని అక్కడి పెద్దాయన ఓపికగా చేసి చూపించారు. వేడుక రోజున ఎగరేసేముందు జెండాలో పూలరేకులు ఉంచడానికి నియమావళి ఒప్పుకుంటుంది కానీ, వేదిక దగ్గర ఉన్నవాళ్లు తలా ఒక గుప్పెడు వేస్తే లాగినప్పుడు ముడి విడక, అతిథి తాడు పట్టుకుని నిలబడిపోవడం మనం ఎన్నో చోట్ల చూస్తూనే ఉన్నాం. "పువ్వులు ఎక్కువ పెట్టకుండ్రి సార్, తడి పువ్వులైతే అసలే వద్దు, ముడి బిగుస్తది" అని ఆయన చెప్పిన మాటను మేము అక్షరాలా పాటించాము. ఒక్క గుంజుకే జెండా విచ్చుకుంది.

ఈ ఊరికి మంచి జెండా ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. 1947 ఆగస్టు 15న నల్లగొండ ఇంకా నిజాం పాలనలోనే ఉంది. హైదరాబాదు సంస్థానంలో ఆ రోజున ఈ జెండా ఎగరేసినందుకు హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థతో పాటు ఎందరో ఆ పార్టీ కార్యకర్తలు జైలుకు వెళ్లారు. సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబరులో. 2021 నుంచి ఇదే నల్లగొండ కూడళ్లలో రోజూ ఉదయం 8:30 గంటలకు జాతీయ గీతం వినిపిస్తుంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి నిలబడుతున్నారు. అటువంటి ఊళ్లో వంకర చక్రం, రంగు కారే గుడ్డ స్తంభం మీదికి ఎక్కడం నాకు బాధ కలిగిస్తుంది.

ఖాదీకి ఉన్న ఇబ్బందిని దాచను. గాలి పలుచగా ఉన్నప్పుడు పాలియెస్టర్ లాగా ఇది తేలికగా రెపరెపలాడదు. మా పంద్రాగస్టు వేడుక నాడు పడిన జల్లుకు బరువెక్కి కాసేపు స్తంభానికి అతుక్కుపోయింది కూడా. కానీ దించి నీడన ఆరవేశాక చూస్తే తెల్ల పట్టీ తెల్లగానే ఉంది. 2022లో నియమావళిని మరోసారి సవరించాక పౌరులు ఆరుబయట పగలూ రాత్రీ జెండా ఉంచవచ్చు. అయినా ఇంత మంచి గుడ్డను వానాకాలంలో రాత్రంతా బయట వదలకుండా, సాయంత్రం దించి మడిచి భద్రపరచడమే మేలు.

దుకాణం సరిచేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. జెండాల మీద ధర చీటీలు లేవు, ప్రతిదానికీ అడగవలసి వచ్చింది. బడి పిల్లలకు, ఆఫీసు బల్లలకు పనికొచ్చే చిన్న కొలతలు అసలు తెప్పించలేదు. అందుకే చిన్న జెండాల కోసం వచ్చినవాళ్లు మళ్లీ బండ్ల వైపే వెళ్తున్నారు. ఆగస్టు రెండో వారానికల్లా పెద్ద కొలతలు కూడా అయిపోతాయి. కనుక బడుల వాళ్లు, కాలనీ సంఘాల వాళ్లు జులైలోనే వెళ్లి, తమ స్తంభం ఎత్తు చెప్పి, దానికి తగిన కొలత ఎంచుకోవడం మంచిది. స్తంభానికి కట్టే తాడు ఈ దుకాణంలో దొరకదు, దాన్ని విడిగా కొనుక్కోవాలి.