పాఠంగా ఎక్కించాలా, గడువు తేదీ వేస్తే చాలా?

అమెరికాలో పార్ట్ 141 అనే విమానయాన నిబంధనల కింద నడిచే విమాన శిక్షణ పాఠశాలల్లో నేర్పేవారికీ పరీక్ష తప్పదు. ఇన్‌స్ట్రక్టర్ పని మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 12 క్యాలెండర్ నెలలకూ నైపుణ్య పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్షనూ, అందరూ ఒకే తీరుగా నేర్పేలా జరిపే తరగతులనూ శిక్షణ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడానికి రెండు దారులున్నాయి.

తేలికైనది గడువు తేదీ. ప్రొఫైల్‌లో ఒక గడి నింపి, సంతకం చేసిన కాగితం స్కాన్ జతచేస్తే పని అయిపోయినట్టే. ఒక్క మెలిక ఉంది: క్యాలెండర్ నెల అంటే నెలాఖరు దాకా లెక్క కాబట్టి, మార్చి 5న పరీక్ష జరిగితే గడువు మరుసటి ఏడాది మార్చి 31 దాకా ఉంటుంది. 365 రోజులు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ముందే ఎర్రజెండా ఊపుతుంది.

రెండోది ఇన్‌స్ట్రక్టర్‌నే విద్యార్థిగా చేర్చి, చిన్న కోర్సు తయారుచేసి, అంశాలవారీగా గ్రేడు వేయడం. మొదట్లో చాకిరీ ఎక్కువే. వేరే వర్గంలో పెట్టకపోతే నివేదికలో విద్యార్థుల సంఖ్య ఉబ్బిపోతుంది కూడా. అయినా నా ఓటు దీనికే. సెస్నా 172 అనే చిన్న విమానం దిగేటప్పుడు వేగం ఒకరు 65 నాట్లు (గంటకు నాటికల్ మైళ్లు), మరొకరు 70 నాట్లు అంటుంటే మధ్యలో నలిగేది విద్యార్థి. గడువు తేదీకి ఆ తేడా తెలియదు. పాఠం కింద ‘దిగే వేగం మళ్లీ చూడాలి’ అని ఒక ముక్క రాసి ఉంటే, తర్వాత పరీక్షించేవారు నేరుగా అక్కడికే వస్తారు.

ఇద్దరు ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్లే ఉన్న చోట తేదీ గడి చాలు. వాళ్లు ఇవన్నీ కాఫీ తాగుతూనే తేల్చుకుంటారు.