ఇంటికంతా ఫోన్ నెట్టే: రెండేళ్లు దాటాక నా సమీక్ష

మేముండేది తిరుపతి బైరాగిపట్టెడలో, ఒక పాత మిద్దె పైభాగంలో. గోడలకు బెజ్జాలు పెట్టొద్దని ఓనరు ముందే చెప్పేశారు, బ్రాడ్‌బ్యాండ్ ఆలోచన అక్కడితో ఆగింది. అప్పటి నుంచి నా ల్యాప్‌టాప్, టీవీ, పిల్లోడి ట్యాబ్ అన్నీ నా ఆండ్రాయిడ్ ఫోన్ నెట్ మీదే నడుస్తున్నాయి. చిన్న చిన్న అంగళ్లకు జీఎస్‌టీ లెక్కలు చూడటం నా పని. నెలనెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ అనే రిటర్న్‌లు ఆన్‌లైన్‌లో వేయాలి కాబట్టి ఆ రోజుల్లో నెట్ పోతే టెన్షన్ మామూలుగా ఉండదు.

నా మాట ఒక్కటే. ల్యాప్‌టాప్ ముందు గంటలకొద్దీ కూర్చునేవాళ్లు వైఫై హాట్‌స్పాట్ వదిలేసి డేటా కేబుల్ పెట్టుకోండి, అంటే యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం). హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఫోన్ ఒకవైపు టవర్ నుంచి నెట్ తీసుకుంటూ, ఇంకోవైపు వైఫైలో పంచుతూ ఉంటుంది, పైగా మనం ఛార్జర్ కూడా పెట్టి ఉంచుతాం. మే నెలలో మా ఊరి ఎండకు ఈ మూడూ కలిస్తే ఫోన్ చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది, ఆ వేడికి ఛార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది. కేబుల్‌తో వైఫై పని తప్పుతుంది, ల్యాప్‌టాప్ నుంచే ఛార్జ్ ఎక్కుతుంది, మధ్యలో కనెక్షన్ తెగిపోవడం నాకైతే దాదాపు లేదు. కాకపోతే కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఫోన్‌కి కూడా పోతుంది, అది గుర్తుంచుకోండి.

కేబుల్ విషయంలో ఒక చిక్కుంది. అంగట్లో చవగ్గా దొరికే వాటిలో కొన్ని ఛార్జింగ్‌కే పనికొస్తాయి, లోపల డేటా తీగలు ఉండవు. అలాంటిది పెడితే ఛార్జ్ ఎక్కుతూనే ఉంటుంది గానీ యూఎస్‌బీ టెథరింగ్ ఆప్షన్ మసగ్గా ఉండి నొక్కినా కదలదు. ఫోన్ పాడైందేమో అని కంగారు పడకుండా ముందు కేబుల్ మార్చి చూడండి. ఇంకోటి, కేబుల్ తీసి పెట్టిన ప్రతిసారీ టెథరింగ్ మళ్లీ ఆన్ చేసుకోవాలి. అది విసుగనిపిస్తే ఫోన్ గురించి వివరాలు ఉండే చోట బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ అనే దాచి ఉంచిన సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అందులో డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని టెథరింగ్‌కి మార్చేస్తే తగిలించి, ఫోన్ లాక్ తీయగానే నెట్ వచ్చేస్తుంది.

డేటా సంగతి. రోజుకు 2 జీబీ ప్లాన్ ఫోన్ ఒక్కదానికైతే సరిపోతుంది, ల్యాప్‌టాప్ తగిలిస్తే మధ్యాహ్నానికే అయిపోవచ్చు. ఆ తర్వాత వచ్చేది 64 కేబీపీఎస్, దాంతో జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ పేజీ తెరుచుకోవడమే కష్టం. డేటా తినేది మన పని కాదు, వెనకాల దిగే విండోస్ అప్‌డేట్లు, క్లౌడ్‌కి ఎక్కే ఫొటోలు. అందుకే విండోస్‌లో ఆ కనెక్షన్‌ని మీటర్డ్ (అంటే లెక్కగా వాడాల్సిన నెట్) అని పెట్టాలి, అప్పుడు పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. ఈ మాట చాలామంది చెప్తారు గానీ, కేబుల్ పెట్టినప్పుడు విండోస్ దాన్ని వైఫైగా కాదు, ఈథర్‌నెట్‌గా, అంటే తీగతో వచ్చే నెట్‌గా చూస్తుందన్న సంగతి చెప్పరు. వైఫైకి పెట్టిన మీటర్డ్ సెట్టింగ్ దీనికి వర్తించదు, ఈథర్‌నెట్‌లోకి వెళ్లి విడిగా పెట్టాలి. టీవీ ఇంకో పెద్ద ఖర్చు, హెచ్‌డీ వీడియో గంటకు 1.5 నుంచి 3 జీబీ దాకా లాగేస్తుంది, మా ఇంట్లో యూట్యూబ్ 480పీ దాటదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది రెండు సిమ్‌ల వ్యవహారం. డేటా ఒక సిమ్‌లో, క్లయింట్లకు ఇచ్చిన నంబర్ ఇంకో సిమ్‌లో ఉండేది. రిటర్న్ ఫైల్ చేస్తుండగా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఎత్తి "చెప్పండన్నా" అనేలోపు లోపలి గదిలోంచి పిల్లోడు "నాన్నా, నెట్ పోయింది" అని అరుస్తాడు. చాలా ఫోన్లలో రెండో సిమ్‌లో కాల్ నడుస్తున్నంతసేపూ మొదటి సిమ్ డేటా ఆగిపోతుంది, కాల్ పెట్టేశాక తిరిగొస్తుంది. ఈలోపు పోర్టల్‌లో సగంలో ఉన్న పని మళ్లీ మొదటికి. కాల్స్ ఎక్కువగా వచ్చే సిమ్‌లోనే డేటా కూడా పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు, 4జీ మీద మాట్లాడుతున్నా వోల్టీ (కాల్ కూడా 4జీ నెట్‌వర్క్ మీదే వెళ్లే పద్ధతి) వల్ల నెట్ నడుస్తుంది. కాల్ సమయంలో డేటాని దానంతట అదే మార్చే ఆప్షన్ కొన్ని ఫోన్లలో ఉంది, రెండు సిమ్‌లలోనూ ప్యాక్ ఉంటేనే అది ఉపయోగం.

టీవీకి, ట్యాబ్‌కి హాట్‌స్పాట్ తప్పదు. హాట్‌స్పాట్ సెట్టింగ్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫై బ్యాండ్లు ఉంటాయి. 5లో వేగం బాగుంటుంది గానీ మా పాత మిద్దె మందపు గోడ దాటేసరికి నీరసపడుతుంది, కొన్ని పాత టీవీలకైతే అసలు కనపడదు కూడా. 2.4 పెడితే వేగం తగ్గినా ఇల్లంతా అందుతుంది. ఐఫోన్‌లో ఇదే పనికి మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే బటన్ ఉంటుంది. బ్లూటూత్ టెథరింగ్ మెసేజ్‌లు, మెయిళ్లకు తప్ప పనికిరాదు, ప్రయాణంలో ఛార్జ్ మిగలాలంటే మాత్రం మంచిదే.

అసలు లోటు వేరే. నేను బయటికెళ్తే ఇంటి నెట్ కూడా నాతోపాటే వెళ్లిపోతుంది. దర్శనానికి కొండకెళ్లి ఫోన్ కౌంటర్లో పెట్టామంటే ఇంట్లోవాళ్లు రోజంతా నెట్ లేకుండా కూర్చోవాలి. అందుకే ఇప్పుడు పాత ఫోన్‌లో వేరే సిమ్ వేసి ఇంట్లోనే, ఎండ తగలని కిటికీ దగ్గర ఉంచాం. అక్కడ సిగ్నల్ కూడా లోపలికంటే బాగా వస్తుంది. దాన్ని మాత్రం రాత్రీ పగలూ ఛార్జర్‌కే వదిలేయకండి, ఎప్పుడూ నూరు శాతంలో వేడిగా ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి, లేకపోతే మేం చేస్తున్నట్టు పడుకునేముందు ఛార్జర్ తీసేసి పొద్దున్నే పెట్టండి. వెనక మూత కాస్త పైకి లేచినట్టు కనపడినా ఆ ఫోన్ వాడటం ఆపేయండి.