కొత్త చిప్పు ల్యాప్‌టాప్ కొనాలా? డోంగిల్ గుచ్చి చూశాకే డబ్బు కట్టండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, ఆపేసింది. నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ ఏడో తరం ఐ5. విండోస్ 11 మామూలుగా ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది. ఇంకో ఏడాది ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు ఇస్తామన్నారు కానీ అది వాయిదా వేసుకోవడమే. మెషీన్ శుభ్రంగా నడుస్తోంది, నిజమే. అయినా క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో పెట్టుకుని రిస్కు తీసుకోలేను. కొనక తప్పలేదు.

నేను చేసేది జీఎస్‌టీ, ఇన్‌కంటాక్స్ రిటర్నుల పని. కంపెనీల రిటర్నుల మీద డిజిటల్ సంతకం పడాలంటే ఒక యూఎస్‌బీ డోంగిల్ గుచ్చాలి. కూర్చునేది విశాఖపట్నం సీతమ్మధారలో. క్లయింట్లు మాత్రం గాజువాక ఫ్యాబ్రికేషన్ షెడ్ల నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్ దాకా ఉన్నారు. బెల్లం కొట్లో లెక్కలు చూడాలంటే ఒకే ఒక ప్లగ్ పాయింట్ ఉంటుంది, అందులో ఎలక్ట్రానిక్ కాటా గుచ్చి ఉంటుంది. దాన్ని తీయమని ఎవరిని అడుగుతాం? అందుకే నాకు బ్యాటరీ ముఖ్యం. సరిగ్గా ఆ బ్యాటరీ పేరు చెప్పే ఇప్పుడు క్వాల్‌కామ్ వాళ్ల స్నాప్‌డ్రాగన్ చిప్పున్న ల్యాప్‌టాప్‌లు అమ్ముతున్నారు.

సంగతేమిటంటే, ఇంతకాలం మనం వాడిన విండోస్ మెషీన్లలో ఇంటెల్‌దైనా ఏఎండీదైనా లోపల ఎక్స్86 జాతి ప్రాసెసరే. దాని మూలం 1978 నాటి 8086 చిప్పు. స్నాప్‌డ్రాగన్‌ది ఆర్మ్ జాతి, మన ఫోన్లలో ఉండేదే. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాం రెండోదానికి నేరుగా అర్థం కాదు. మధ్యలో ప్రిజమ్ అనే ఎమ్యులేటర్ ఉండి అప్పటికప్పుడు మార్చి వినిపిస్తుంది. 2024 జూన్‌లో ఈ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పటి నుంచీ అసలు ప్రశ్న ఒక్కటే: ఆ మార్పిడి ఎంతవరకు పనికొస్తుంది?

ముందు ఒక పెద్ద షోరూముకు వెళ్లాను. ఏసీ బాగుంది. సేల్స్ కుర్రాడు "మేడమ్, ఏఐ పీసీ అండి, నలభై అయిదు టాప్స్" అన్నాడు. టాప్స్ అంటే ఏఐ లెక్కల వేగానికి కొలత. దాంతో నెలవారీ జీఎస్‌టీ రిటర్ను జీఎస్‌టీఆర్-3బీ వేగంగా వెళ్తుందా అంటే నవ్వేశాడు. డెమో పీసులో పెన్‌డ్రైవ్ కూడా పెట్టనివ్వలేదు. వైరస్ భయం వాళ్లది, తప్పనలేను. కానీ డబ్బా విప్పాక వాపసు లేదన్నప్పుడు, గుచ్చి చూడకుండా ఎలా కొంటాం?

అక్కడి నుంచి డైమండ్ పార్క్ దగ్గర సందులో, మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న షాపుకు వెళ్లాను. ఈ రివ్యూలో నాలుగు మంచి మాటలు దక్కాల్సింది దీనికే. ఓనరు నా బ్యాగులోంచి తీసిన వస్తువులు చూసి, "ఏటి మేడమ్, ఆఫీసంతా తెచ్చేశారా" అని నవ్వి, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్లస్ ఉన్న పద్నాలుగు అంగుళాల డెమో పీసు ముందుపెట్టి కుర్చీ వేశాడు. టీ కూడా వచ్చింది.

ముందు బాగున్నవి. బ్రౌజర్, ఎక్సెల్, వర్డ్ ఈ చిప్పుకే తయారై ఉన్నాయి, మెరుపులా తెరుచుకున్నాయి. నా దగ్గరున్న అతి బరువైన ఎక్సెల్ ఫైలు, ఒక క్లయింటుది ఏడాది మొత్తం కొనుగోళ్ల రిజిస్టరు, చార్జర్ తీసేసినా అదే వేగంతో తిరిగింది. ఇంటెల్ పాతవాటిలో చార్జర్ పీకగానే వచ్చే నీరసం లేదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్ మీద నడిచింది. మొదటిసారి తెరుచుకోవడానికి కాస్త ఆలోచించింది, తర్వాత ఇబ్బంది లేదు. ఏది సొంతంగా నడుస్తోంది, ఏది మార్పిడి మీద నడుస్తోంది అని చూసుకోవడానికి టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీకి వెళ్లి ఆర్కిటెక్చర్ అనే కాలమ్ పెట్టుకోండి. ఆర్మ్64 అని ఉంటే సొంతం, ఎక్స్64 అని ఉంటే మార్పిడి. ఫ్యాన్ చప్పుడు వినపడనే లేదు. టైపింగ్ కూడా హాయిగా ఉంది.

ఇక డిజిటల్ సిగ్నేచర్ డోంగిల్ గుచ్చాను. లైటు వెలిగింది. దాని సెటప్ నడిచి, పూర్తయిందని చెప్పింది. సంతకం పెట్టించే యుటిలిటీ తెరిచి చూస్తే సర్టిఫికెట్ల జాబితా ఖాళీ. తీసి రెండో పోర్టులో పెట్టినా అదే ఖాళీ. పక్కనున్న ఇంటెల్ మెషీన్‌లో పెడితే క్లయింటు పేరుతో సహా ప్రత్యక్షం.

కారణం ఓనరుకూ తెలుసు, నాకూ చదివిన గుర్తుంది. ఎమ్యులేటర్ మార్చేది మనం వాడే ప్రోగ్రాములనే. విండోస్ లోపలి పొరలో కూర్చుని డోంగిల్, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్లను అది ముట్టుకోదు. వాటిని ఆర్మ్ కోసం ప్రత్యేకంగా తయారు చేసి ఇవ్వాలి. మా డోంగిల్ తయారీదారు సైటులో వెతికితే ఆర్మ్ డ్రైవర్ కనపడలేదు. మా ఆఫీసు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతీ అంతే. ప్రొప్రయిటర్ల రిటర్నులకు ఓటీపీ చాలు కాబట్టి సగం పని ఎలాగో జరిగిపోతుంది. కంపెనీల రిటర్నులకు మాత్రం డోంగిల్ ఉండి తీరాలి. జీఎస్‌టీ గడువైన ఇరవయ్యో తారీఖు రాత్రి పోర్టల్‌తో పడే టెన్షన్ చాలు, డ్రైవర్ టెన్షన్ కూడానా?

అలాగని ఆర్మ్ విండోస్‌ను తీసిపారేయను. 2012లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆర్మ్ ట్యాబ్లెట్ సర్ఫేస్ ఆర్‌టీలో మనం అప్పటికే వాడుతున్న విండోస్ ప్రోగ్రాములు ఎక్కేవే కావు. మరుసటి ఏడాది దాని మీద మైక్రోసాఫ్ట్ 90 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. దానితో పోలిస్తే ఇప్పటిది ఎంతో మెరుగు.

మా మేనకోడలు వాదన వేరు. "అత్తా, యాపిల్ కూడా ఇలాగే మార్చింది కదా, ముందు కొన్నవాళ్లే బాగుపడ్డారు" అంటుంది. యాపిల్ సంగతి నిజమే. 2020లో ప్రకటించి, 2023 కల్లా అన్ని మ్యాక్‌లనూ సొంత చిప్పులకు మార్చేసింది. ఇంటెల్ మ్యాక్‌లకు మ్యాక్ఓఎస్ టహో ఆఖరి ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పేసింది కూడా. అక్కడ పాత చిప్పు కొన్నవాడికి గడువు పడింది. మైక్రోసాఫ్ట్ అలా తలుపు వేయలేదు. రెండు జాతులనూ పక్కపక్కనే అమ్ముతోంది. ఈరోజు ఎక్స్86 కొన్నంత మాత్రాన విండోస్‌లో ఎవరూ వెనకబడిపోరు. అలాంటప్పుడు డ్రైవర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చునే అవసరం నాకెందుకు?

అందుకే నేను తీసుకున్నది ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి రకం. 2024లో వచ్చిన ఈ తరం బ్యాటరీ విషయంలో ఆర్మ్‌కు దగ్గరగా వచ్చింది. అనకాపల్లి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాకా చార్జర్ బ్యాగులోంచి తీయడం లేదు, కాటా జోలికి పోవడం లేదు. ఒక్క జాగ్రత్త: ఇందులో ర్యామ్ ప్రాసెసర్‌తో కలిపే వస్తుంది. తర్వాత వేయించుకుందాంలే అంటే కుదరదు. పదహారు జీబీ చాలా, ముప్పై రెండు కావాలా అన్నది కొనేముందే తేల్చుకోవాలి. నేను పదహారుతో సరిపెట్టుకున్నాను. ధర అదే సైజు స్నాప్‌డ్రాగన్ కంటే ఎక్కువే పడింది.

మేనకోడలు మాత్రం ఆ స్నాప్‌డ్రాగన్ మోడలే తీసుకుంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చదువుతోంది. దానికి కావాల్సింది బ్రౌజర్, వర్డ్, పీడీఎఫ్‌లు, రాత్రి సినిమా. డోంగిల్ లేదు, ప్రింటౌట్ కావాలంటే జిరాక్స్ షాపు ఉంది. కొనమని నేనే చెప్పాను. అదే ఇంజనీరింగ్ పిల్లలైతే ల్యాబ్ బోర్డుల డ్రైవర్లు, గేములాడేవాళ్లయితే ఆటలో మోసాలను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాముల సంగతి ముందు కనుక్కోవాలి.

షాపు గురించి ఇంకొంచెం. బిల్లులో మా జీఎస్‌టీ నంబరు వేసి ఇచ్చాడు, పద్దెనిమిది శాతం క్రెడిట్ తీసుకోవచ్చు. పాత డేటా ఎక్కించడానికి డబ్బు అడగలేదు. పార్కింగ్ మాత్రం నరకం, స్కూటీ మీద వెళ్లడమే నయం. ప్రింటర్ మోసుకెళ్లలేరు కాబట్టి దాని వెనకున్న మోడల్ నంబరు ఫోటో తీసుకెళ్లండి, ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో ఆయనే వెతికి పెడతాడు. ఆదివారం మూసేస్తారు.