ఒక్క పోగు కాల్చి ‘ప్యూర్ కాటన్’ అంటే నమ్మేయకండి: వైజాగ్‌లో ఇంట్లో కుట్టుకునేవాళ్లకి

పండక్కి పిల్లల గౌన్లకీ, మన కుర్తీలకీ రన్నింగ్ మెటీరియల్ కొనాలని వన్ టౌన్ వైపు వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లండి. కురుపాం మార్కెట్ వైపు సందుల్లో ఒక షాపులో ప్యూర్ కాటన్ అని నాకు అమ్మిన గుడ్డ సగం పాలిస్టర్. షాపు పేరు రాయడం లేదు. వాళ్లు చేసిన కిటుకు మాత్రం పూర్తిగా చెప్తాను, ఎక్కడైనా ఎదురవ్వచ్చు.

గుడ్డ చూడ్డానికి పొందూరు ఖద్దరులా అక్కడక్కడ లావు పోగులతో ముచ్చటగా ఉంది. కాటనేనా అని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు “హండ్రెడ్ పర్సెంట్ అక్కా, నీ కళ్లతో నువ్వే చూడు” అంటూ గుడ్డ తాను (చుట్ట) చివర్నుంచి ఒక పోగు లాగి లైటర్‌తో వెలిగించాడు. కాగితంలా మండింది. మిగిలిన బూడిద వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. కాటన్ లక్షణం సరిగ్గా అదే, ఇంకేం అడుగుతాం?

ఇంట్లో నానబెట్టి ఆరేసి కత్తిరించేదాకా ఏ తేడా తెలియలేదు. బయటపడింది ఇస్త్రీ దగ్గర. భుజం కుట్టు మార్జిన్ రెండు వైపులా విడదీసి, పెట్టెను కాటన్ సెట్టింగు మీద పెట్టి నొక్కాను. గుడ్డ నిలువుగా ముడుచుకుపోయింది, అడ్డంగా మాత్రం చెక్కుచెదరలేదు. పెట్టె తగిలిన మేర నూనె మరకలాంటి మెరుపు. మెడ పట్టీ అయితే వంకర తిరిగిపోయి మళ్లీ మాట వినలేదు.

మిగిలిన ముక్కలోంచి రెండు వైపుల పోగులూ తీసి స్టీలు పళ్లెంలో విడివిడిగా కాల్చాను. అడ్డ పోగు, అంటే పేక, నిజంగా కాటనే. నిలువు పోగు, పడుగు, మంట దగ్గరికి రాగానే వెనక్కి ముడుచుకుని, కరిగి, ఆవగింజంత నల్ల పూసయింది. చల్లారాక గోటితో నొక్కినా నలగలేదు. అది పాలిస్టర్.

కిటుకంతా ఇక్కడే ఉంది. తాను కత్తిరించిన చివర్న లాగితే చేతికి సులువుగా వచ్చేది ఎప్పుడూ పేక పోగే. పడుగు పోగులు తాను పొడుగునా ఉంటాయి, పక్కన అంచు ఉంటుంది కాబట్టి అటునుంచి లాగడం కష్టం. కుర్రాడికి తెలిసి చేశాడో, యజమాని నేర్పింది చేశాడో గానీ, చూపించింది సగం నిజం. మీరేం చేయాలంటే, చివర్న నాలుగైదు పేక పోగులు లాగేయండి. కుచ్చులా మిగిలేవే పడుగు పోగులు. వాటిని కత్తిరించి కాల్చి చూపించమనండి. అదీ గుడ్డల మధ్య కాదు, షాపు బయటికొచ్చి.

ఈ పరీక్షకి కూడా హద్దులున్నాయి. రేయాన్ కూడా కాటన్‌లాగే కాగితం వాసనతో మండుతుంది. అనుమానముంటే పోగు తడిపి లాగండి: తడిస్తే కాటన్ గట్టిపడుతుంది, రేయాన్ బలహీనపడి పుటుక్కుమంటుంది. జాకెట్ లైనింగ్‌కి కొనే టూ బై టూలో కాటన్, పాలిస్టర్ రెండూ ఒకే పోగులో కలిసి ఉండొచ్చు. అప్పుడు పోగు మండుతుంది గానీ బూడిదలో గట్టి పలుకులు తగులుతాయి. మన ఉక్కపోతకి ఆ లైనింగ్ వేసుకుంటే సాయంత్రానికి వీపంతా పేలిపోతుంది. పట్టు అయితే సిల్క్ మార్క్ ట్యాగ్ అడగండి. “టైప్”, “ఫీల్”, “ఫినిష్” అన్న తోకలు తగిలిస్తే మాత్రం ఆ గుడ్డ అది కాదనే అర్థం.

షాపుకి తిరిగి తీసుకెళ్తే “ఏటక్కా, కత్తెర పడ్డాక ఎవలు తీసుకుంటారు?” అన్నారు. గోడమీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ బోర్డు. బిల్లులో ‘డ్రెస్ మెటీరియల్’ అని తప్ప కాటన్ మాటే లేదు. అందుకే ఈ విషయం గట్టిగా చెప్తున్నా: డబ్బులిచ్చే ముందే బిల్లుమీద ‘100 శాతం కాటన్’ అని రాయించుకోండి. రాయడానికి నసిగితే అక్కడే వదిలేయండి. ఆ బోర్డుకీ భయపడక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు లేకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఆ నంబరు మాట ఎత్తాక కత్తిరించని ముక్క వరకు డబ్బు చేతికొచ్చింది. కత్తిరించినదానికి రాలేదు.

ఇలాంటి గుడ్డ ఇప్పటికే కొనేసి కూర్చున్నవాళ్లు పారేయకండి. 14 నంబరు సూది తీసేసి కొత్త 11 వేయండి, పై దారం టెన్షన్ కొంచెం తగ్గించండి. కుట్టేటప్పుడు గుడ్డని మిషన్ పాదం ముందూ వెనకా రెండు చేతుల్తో బిగువుగా పట్టుకుంటే కుట్టు కుచ్చులు పడదు. లాగొద్దు, పట్టుకోవడమే. చేతులు ఎక్కించేటప్పుడు కాటన్‌లో అయితే మిగులు గుడ్డని ఆవిరితో నొక్కి సర్దేస్తాం, దీంట్లో అది కుదరదు. అందుకని చేతి గుండ్రంలో మిగులు ముందే తగ్గించి కత్తిరించుకోండి. అంచుల్లో పోగులు తొందరగా జారతాయి, కాబట్టి అర అంగుళం బదులు ముప్పావు అంగుళం మార్జిన్ వదిలి ఓవర్‌లాక్ చేయించండి. ఇస్త్రీ పెట్టె సింథటిక్ మీదే ఉండాలి, పైన పల్చటి కాటన్ గుడ్డ పరిచి, ముందు ఒక పనికిరాని ముక్కమీద నొక్కి చూశాకే అసలు గుడ్డమీద పెట్టండి.