ఇంట్లో చికిత్సా, ఆసుపత్రిలో చేర్పించడమా?

అనొరెక్సియాతో, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక వ్యాధితో, చిక్కిపోతున్న పిల్లను ఇంట్లోనే కోలుకునేలా చేయాలా, ఆసుపత్రిలో చేర్చాలా అన్నది హైదరాబాద్‌లోనూ ఎందరో తల్లిదండ్రులను వేధిస్తున్న ప్రశ్న.

ఖర్చు ఆసుపత్రిలోనే ఎక్కువ. అయితే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధులకూ శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలంటోంది కనుక మీ పాలసీని ఒకసారి చూసుకోండి.

శ్రమ మాత్రం ఇంట్లోనే ఎక్కువ. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న, తల్లిదండ్రులే ఇంట్లో తినిపించే కుటుంబ చికిత్స సాధారణంగా 6 నుంచి 12 నెలలు సాగుతుంది. ప్రతి పూటా ఒకరు పక్కన కూర్చోవాలి. పప్పన్నంలో నెయ్యి వద్దని పిల్ల ఏడ్చినా కోప్పడకుండా, బేరమాడకుండా, “ఇదే నీకు మందు తల్లీ, నేనిక్కడే ఉంటాను” అని ఓపికగా తినిపించాలి. ఇది పిల్ల మొండితనం కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు.

ప్రమాదం సంగతికొస్తే, చాలాకాలం తినని శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రక్తపరీక్షలతో దాన్ని వెంటనే పసిగట్టగలిగేది ఆసుపత్రిలోనే.

పగటిపూట నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, స్పృహ తప్పినా, నీళ్లు కూడా ముట్టకపోయినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పిల్ల ఆరోగ్యం నిలకడగా ఉందని డాక్టరు చెప్పి, ఇంట్లో ఇద్దరు పెద్దలు ఒకే మాట మీద ఉండగలిగితే ఇంటి చికిత్సే మేలు. ఎటూ తేలనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.